మందు వేసుకున్నావా?

మా బావ ఇవాళ కత్తెర పట్టుకుని నిలబడ్డాడంటే ఆ పుణ్యమంతా వాళ్ళమ్మ గొంతుది. ఆ గొంతుకు ‘మైకు’ అని పేరు పెట్టింది నేనే. ఆవిడ రాగానే చెవులు మూసుకుని అందరినీ నవ్వించిందీ నేనే. ఇప్పుడు ఆ గొంతు వినపడితే నాకు కళ్ళు చెమ్మగిల్లుతాయి. ఎందుకో చెప్పాలి.

అత్తయ్య, అంటే మా అక్కకి అత్తగారు, ఒంట్లో ఓపిక ఉన్నంతకాలం నేత మిల్లులో పనిచేసింది. మగ్గాలన్నీ ఒకేసారి టకటకలాడే చోట పక్కమనిషికి మంచినీళ్ళు కావాలని చెప్పాలన్నా అరవాల్సిందే. వినికిడి సగం ఆ మిల్లులోనే పోయింది. మిల్లు మూతపడ్డా అరుపు మాత్రం ఆవిడతో పాటు ఇంటికి వచ్చేసింది. రహస్యం చెప్తానని దగ్గరికి పిలిచి ఆవిడ చెవిలో చెప్పిన మాట వీధి చివర ఇస్త్రీ చేసేవాడికి కూడా వినపడుతుంది. బావకి సంబంధాలు చూసేటప్పుడు ఆవిడని పడకగదిలో కూర్చోబెట్టి తలుపు వేశారట. తలుపు సందులోంచి చూసి “అమ్మాయి బాగుందిరా, ఒప్పేసుకో!” అన్న మాట పెళ్ళివాళ్ళందరూ విన్నారు. ఆ అమ్మాయే మా అక్క.

అక్క ఆవిడకి పూర్తిగా వ్యతిరేకం. నోట్లో నాలుక లేని మనిషి. మాట్లాడితే పక్కనున్నవాళ్ళు “ఆఁ?” అని రెండోసారి అడగాలి. పరువు అనే మాట అంటే ప్రాణం. ఇంట్లో గిన్నె కింద పడినా “ష్” అని గిన్నెనే కసురుకునే రకం.

బావ టైలరు. ఇంటికి ఎదురుగానే, వీధికి అవతలి పక్క, దుకాణం. కోటు కుట్టాలంటే ఆ చుట్టుపక్కల ఆయన పేరే చెప్పేవాళ్ళు. భుజం దగ్గర ముడత రాకుండా చెయ్యి అతికించడం ఎంత కష్టమో నాకు తెలియదు గానీ, ఆయన కుట్టిన కోటు వేసుకున్నవాడు నడక మార్చేసేవాడు. అది మాత్రం నేను కళ్ళారా చూశాను.

అలాంటి మనిషికి తాగుడు పట్టుకుంది. మొదట ఒళ్ళునొప్పులకని, తర్వాత నిద్రకని, ఆ తర్వాత కారణాలు చెప్పడం కూడా మానేశాడు. ఒకసారి సాయంత్రం ఎవరో ఇంటికొచ్చి ఆయన ఏడని అడిగితే అక్క గొంతు పెగల్చుకుని “ఓవర్‌టైమ్ చేస్తున్నారండీ” అంది. ఆ మాట ఆ ఇంట్లో పాతుకుపోయింది. బావ గేటు దగ్గర పడిపోతే “ఇవాళ ఓవర్‌టైమ్ కాస్త ఎక్కువైంది.” పొద్దున లేవలేకపోతే “ఓవర్‌టైమ్ కదా, అలసిపోయారు.” వినీ వినీ నాకు ఒళ్ళు మండేది.

“ఓవర్‌టైమ్ ఏమిటే నీ మొహం! తాగుడు అనవే!” అనేదాన్ని.

“మెల్లగా! పక్కింటివాళ్ళు వింటారు” అనేది అక్క.

బావని జబ్బ పట్టుకుని ఇంటికి చేర్చేది ఆ పక్కింటివాళ్ళే. అయినా వాళ్ళు వినకూడదు. ఇక ‘మందు’ అనే మాటకి ఆ ఇంట్లో మిగిలిన అర్థం ఒక్కటే, బావ రాత్రిపూట వేసుకునే రక్తపోటు బిళ్ళ. తాగేదాన్ని మందు అనే అలగాజనంలో తన మొగుణ్ణి కలపడం అక్కకి ఇష్టం లేదు. అత్తయ్య ఒక్కతే దాన్ని మందు అనేది. అనబోయిన ప్రతిసారీ అక్క “అత్తయ్యా, మీకు పుణ్యముంటుంది, నెమ్మదిగా” అని చేతులు పట్టుకునేది. పాపం ఆవిడ కూడా కోడలి మొహం చూసి నోరు నొక్కుకునేది. కన్నకొడుకు గురించి అరవడానికి కూడా వీల్లేకుండా ఉండేది ఆవిడ బతుకు.

తాగుడు మనిషిని ఒక్కదెబ్బతో కూల్చదు. ముందు పొద్దుటి పూట వేళ్ళు వణికాయి. ఒక గుక్క పడితే గానీ సూదిలోకి దారం ఎక్కేది కాదు. తర్వాత అరికాళ్ళు మంటలెత్తి, పోనుపోనూ మొద్దుబారాయి. మిషన్ పెడల్ మీద కాలుందో లేదో వంగి చూసుకునేవాడు. ఆ తర్వాత కొలతలు మరిచిపోవడం. పాత గిరాకీ వస్తే “ఎక్కడో చూశాను మిమ్మల్ని” అనేవాడు. కోట్లు తగ్గి, చిరుగులు కుట్టించుకునేవాళ్ళు మిగిలారు.

చివరికి ఒకరోజు రెండు చేతులూ ఎడమవే కత్తిరించాడు.

అర్థం కావడానికి చెబుతున్నాను. కోటుకి కుడిచెయ్యి వేరు, ఎడమచెయ్యి వేరు. బట్టని మడతపెట్టి ఒకేసారి కోస్తే రెండూ సరిగ్గా వస్తాయి. విడివిడిగా కోసేటప్పుడు బట్ట తిప్పడం మరిచిపోతే రెండూ ఒకవైపువే అవుతాయి. పని నేర్చుకునేవాళ్ళు చేసే పొరపాటు అది. ఆ కోటు ఒక పంతులుగారిది. ఉద్యోగ విరమణ రోజున వేసుకోవాలని దాచుకుని దాచుకుని కొన్న బట్ట. బావ రెండు ఎడమచేతుల్నీ ఒళ్ళో పెట్టుకుని చీకటి పడేదాకా కూర్చున్నాడు. లేచి, బల్ల కింద దాచిన సీసా తీసి కాలవలో పోశాడు. ఇంటికొచ్చి “ఇక ముట్టను” అన్నాడు.

అక్క నాకు ఫోన్ చేసి గుసగుసగా “ఓవర్‌టైమ్ మానేశారే!” అంది. ఆ గుసగుసలో ఎంత సంతోషమో! నేను ఇటునుంచి గంతులు వేశాను.

మర్నాటికి బావకి చెమటలు పట్టి ఒళ్ళంతా వణికింది. ఆ పైరోజుకి జ్వరం, వాంతులు. ఆసుపత్రిలో చేర్చారు. అత్తయ్య కూడా బయల్దేరబోతే అక్క కాళ్ళావేళ్ళా పడింది. “అక్కడ ‘నిశ్శబ్దం’ అని బోర్డు ఉంటుంది అత్తయ్యా, మీరు రావద్దు.” నేను వచ్చి అత్తయ్యకి తోడుగా ఇంట్లో ఉన్నాను.

చేర్చుకునేటప్పుడు ఏం జరిగిందో తర్వాత తెలిసింది. నర్సు అన్నీ అడుగుతూ అడుగుతూ “ఈయనకి మందు అలవాటుందా?” అందట.

“ఉందండీ. రోజూ రాత్రి తీసుకుంటారు” అంది అక్క.

“ఈ మధ్య మానేశారా?”

“అయ్యో, లేదండీ! ఒక్కపూట కూడా మానలేదు. నిన్న రాత్రి కూడా నేనే దగ్గరుండి ఇచ్చాను.”

నర్సు అక్కని ఎగాదిగా చూసిందట. మొగుడికి స్వహస్తాలతో పోసి ఇచ్చే ఇల్లాలు ఆవిడకి అంతకుముందు తగిలి ఉండదు. ఆవిడ అడిగింది సీసా గురించి, అక్క చెప్పింది బిళ్ళ గురించి. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. కానీ డాక్టర్ల లెక్క మాత్రం తప్పింది. నిన్నటిదాకా తాగుతున్న మనిషి కనక ఆ వణుకు తాగుడు మానడం వల్ల వచ్చింది కాదనుకున్నారు. మెదడుకి జ్వరం పాకిందేమోనని రక్తం తీశారు, తలకి ఫోటోలు తీశారు. ఒక్కొక్కటీ బాగానే ఉందని తేలుతోంది, మనిషి మాత్రం చేజారిపోతున్నాడు. తాగుడు మానిన సంగతి నాకూ తెలుసు, అత్తయ్యకీ తెలుసు. అయితే మంచిపని చేశాడని డాక్టరుకి ఫిర్యాదు చెయ్యాలని ఎవరికి తోస్తుంది?

మర్నాడు పొద్దున అక్క ఫోన్ చేసి “మీ బావ నన్ను గుర్తుపట్టడం లేదే” అంది. ఆ మాట ఎప్పటికంటే మెల్లగా అంది. అత్తయ్యకి ఏమీ చెప్పకపోయినా నా మొహం చూసి చెప్పులు వేసుకుంది. ఈసారి ఆపే ధైర్యం నాకు లేకపోయింది.

వార్డు పెద్దది. రెండు వరుసల మంచాలు, కిటికీ దగ్గర బావ. చేతులకి మెత్తటి పట్టీలు చుట్టి మంచానికి వదులుగా కట్టారు. ఆ కట్టులోనే ఆయన గాలిలో కుడుతున్నాడు. లేని సూదిని కళ్ళ దగ్గరికి తెచ్చి, లేని దారాన్ని పెదాలతో తడిపి, ఎక్కించి, లాగి, మళ్ళీ ఎక్కించి. మధ్యలో ఉలిక్కిపడి దుప్పటి దులుపుతున్నాడు. “చీమలు! బట్టంతా చీమలు! పంతులుగారి బట్ట!” అని ఏడుస్తున్నాడు. నర్సు దగ్గరికి రాగానే ఆవిడ భుజం కొలత తీయబోయాడు. ఇంకో సమయంలో అయితే జన్మంతా ఏడిపించేదాన్ని. ఆ రోజు ఆయన కాళ్ళ మీద దుప్పటి సర్దాను.

అత్తయ్య మంచం దగ్గరికి నడిచింది. కొడుకు మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. ఇన్నేళ్ళుగా నొక్కిపెట్టిన నోరు ఒక్కసారి తెరుచుకుంది.

“మందు మానేస్తే ఇలా అవుతుందా నాయనా! ఇలా అయ్యేటట్టయితే ఎందుకు మానేశావురా!”

కిటికీ అద్దాలు గల్లుమన్నాయంటే అతిశయోక్తి అనుకోకండి. వార్డు వార్డంతా ఇటు తిరిగింది. అక్క “అత్తయ్యా! మెల్లగా!” అని పరిగెత్తుకొచ్చింది. అంతలో నర్సు చేతిలో ట్రే అలాగే పట్టుకుని ఆగిపోయింది.

“ఏ మందు? మానలేదని ఈవిడ చెప్పారే?”

“ఆ బిళ్ళలు కాదమ్మా! సీసా మందు! ఏళ్ళ తరబడి పొద్దునా సాయంత్రం తాగిన మందు! రెండు చేతులూ ఎడమవే కోశానని ఏడ్చి, ఉన్నపళంగా మానేశాడు నా కొడుకు!”

అక్క గోడకేసి తిరిగి చేతుల్లో మొహం దాచుకుంది. పరువు బజారున పడింది. నర్సు మాత్రం ట్రే బల్లమీద పెట్టేసి పరుగు తీసింది.

ఆ తర్వాత అంతా చకచకా జరిగింది. డాక్టరమ్మ వచ్చి అత్తయ్యనే అడిగింది, ఏ రోజు నుంచి, రోజుకి ఎంత, పొద్దున్నే తాగేవాడా అని. అత్తయ్య ప్రతి జవాబూ వార్డంతటికీ వినిపించేలా చెప్పింది. నరంలోకి ఒక విటమిను, దాని తర్వాత నిద్రలోకి నెట్టే మందు ఎక్కించారు. మధ్యాహ్నానికి లేని సూది పట్టుకున్న వేళ్ళు నెమ్మదించాయి. సాయంత్రానికి చీమలు పోయాయి. బావ నిద్రపోయాడు. అది నిద్రేనని నమ్మకం కలిగేదాకా నేను ఆయన గుండెల వంకే చూస్తూ కూర్చున్నాను.

డాక్టరమ్మ అక్కని పక్కన కూర్చోబెట్టుకుంది. ఒక్క ముక్క కోప్పడలేదు. ఆ మనిషికి నేను ఎప్పటికీ కృతజ్ఞురాలినే.

“మీ ఆయన టైలరు కదమ్మా. కుట్టుమిషన్ ఉందనుకోండి. మందు చేసే పని ఏమిటంటే, పక్కనుండే చక్రాన్ని చేత్తో పట్టి ఆపడం. రోజూ అలా ఆపుతుంటే, కుట్టు సాగడం కోసం మెదడు పెడల్ ఇంకా గట్టిగా తొక్కడం నేర్చుకుంటుంది. ఏళ్ళ తరబడి అలా తొక్కడానికి అలవాటు పడ్డాక, చక్రం మీద చెయ్యి ఠక్కున తీసేస్తే ఏమవుతుంది?”

“సూది విరుగుతుంది” అంది అక్క.

“అదే అయింది. ఇంకాస్త ఆలస్యమైతే ఫిట్స్ వచ్చేవి, గుండె కూడా ఆగేదేమో. ఆయన మానాలనుకోవడం చాలా గొప్ప విషయం. కాకపోతే అన్నేళ్ళు తాగినవాళ్ళు మా దగ్గరికొచ్చి, మా కళ్ళెదుట మానాలి. పెద్దావిడ ఆ మాట అనబట్టి సరిపోయింది.”

కాలేయం బాగా వాచిందనీ, ఇంకా గట్టిపడలేదు కనక, ఇక చుక్క పడకపోతే కోలుకుంటుందనీ చెప్పింది. అన్నేళ్ళు అంత భరించి, ఇంకా కోలుకుంటానంటున్న ఆ కాలేయం మీద నాకు ఎక్కడలేని గౌరవం పుట్టింది. అచ్చం మా అక్కలాంటిదే అనుకున్నాను.

ఆ సాయంత్రం ఇంకో విచిత్రం. పక్కమంచం మీద కాలు విరిగిన లారీ డ్రైవరు ఉన్నాడు. అతని భార్య అక్క పక్కన వచ్చి కూర్చుని, అటూ ఇటూ చూసి, “మా ఇంట్లో దాన్ని గ్యాస్ నొప్పి అంటామండీ” అంది. అక్కకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఇద్దరూ ఒకరి చేతులు ఒకరు పట్టుకున్నారు. ఆవిడ లేచి వెళ్ళి నర్సుతో ఏదో చెప్పింది. కాసేపటికి ఆ చివర మంచం తాలూకు ముసలాయన కూడా, తన కొడుకు గురించి కాబోలు, నర్సు చెవిలో ఏదో చెప్పాడు. ఒక్క అరుపుతో ఆ వార్డులో ఎన్ని గుట్లు విప్పుకున్నాయో! అత్తయ్యకి ఇవేవీ వినపడలేదు. కొడుకు పాదాలు ఒత్తుకుంటూ కూర్చుంది.

బావకి ఆ రోజులేవీ గుర్తులేవు. ఒక్కటే గుర్తుందంటాడు. “చీమల మధ్యలో ఎటు పోవాలో తెలియలేదు మరదలా. అమ్మ అరుపు ఒక్కటే వినపడింది. అటువైపు నడిచాను.”

నేను “ఆ అరుపు వినపడనివాళ్ళు ఎవరున్నారు బావా, పక్క ఊళ్ళో కూడా లేచి కూర్చున్నారు” అన్నాను. అని, ఏడ్చేశాను.

ఇంటికి పంపేటప్పుడు బావకి డాక్టరమ్మ సాయంత్రం పూట బిళ్ళ ఒకటి రాసింది, తాగాలన్న తపన తగ్గించేది. సాయంత్రమే కష్టమైన వేళ. దీపాలు పెట్టే సమయానికి నాలుక పీకుతుందనీ, చేతులు వాటంతట అవే బల్ల కిందికి పోతాయనీ బావే చెప్పాడు. అందుకని అత్తయ్య ఒక పద్ధతి పెట్టింది. దీపాల వేళకి వాకిట్లోకి వచ్చి, నడుం మీద చేతులు పెట్టి, వీధికి అడ్డంగా అరిచేది.

“ఒరేయ్! మందు వేసుకున్నావా?”

మొదట్లో వీధంతా ఘొల్లుమంది. అక్క లోపలికి పారిపోయి తలుపు వేసుకునేది. బావ దుకాణం గుమ్మంలోకి వచ్చి, చెవులు ఎర్రబడగా, “వేసుకున్నానమ్మా!” అనేవాడు. ఆవిడకి వినపడేది కాదు. “ఏఁ?” అనేది. అప్పుడు ఆయన కూడా గొంతెత్తి “వేసుకున్నాను! కొట్టలేదు!” అని అరవాల్సి వచ్చేది. పోనుపోనూ నవ్వులు ఆగాయి. ఇస్త్రీ అతను ఆ కేక విని కొట్టు కట్టేసే వేళైందని లెక్కపెట్టుకునేవాడు.

పంతులుగారు కొత్త బట్ట తెచ్చారు. కోప్పడతారనుకుంటే, “రెండు కుడివి కోసినా నేనేమీ అనను, మళ్ళీ ప్రయత్నించు” అన్నారు. ఆ కోటు సరిగ్గా కుదిరింది. ఎడమచేతులు రెండూ ఇప్పటికీ దుకాణం గోడకి మేకుకి వేలాడుతుంటాయి. బావ వాటిని తియ్యనివ్వడు.

ఇదంతా ఒక ఎత్తు. నేను అసలు చెప్పాలనుకున్న సాయంత్రం ఒక ఎత్తు.

అత్తయ్యకి జలుబు చేసి గొంతు పూర్తిగా పోయింది. పెదాలు కదులుతున్నాయి, చప్పుడు లేదు. ఆ మైకు మూగపోవడం నా జన్మలో అదే మొదటిసారి. దీపాల వేళ నేను ముందుగదిలో కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాను. ఎదురుగా దుకాణంలో, బావకి పాత ఓవర్‌టైమ్ స్నేహితుడు వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. చంకలో కాగితం చుట్టిన సీసా. ఏదో నవ్వుతూ చెబుతున్నాడు, బావ భుజం తడుతున్నాడు. బావ లేచి గుమ్మంలోకి వచ్చాడు. మా వాకిలి వైపు చూశాడు. ఎవరూ లేరు. గుమ్మం పట్టుకుని అలాగే నిలబడ్డాడు. లోపలినుంచి స్నేహితుడు పిలిచినట్టున్నాడు, బావ తల సగం అటు తిరిగింది. మళ్ళీ ఇటు తిరిగింది.

అత్తయ్య మంచం మీద లేచి కూర్చుని గొంతు పట్టుకుని వాకిలి వైపు వేలు చూపిస్తోంది. నేను లేవబోయాను.

నాకంటే ముందు అక్క లేచింది. చేతిలో గరిటె ఉంది. అలాగే వాకిట్లోకి నడిచింది. పక్కింటివాళ్ళు అరుగు మీదే ఉన్నారు. వాళ్ళని చూసింది కూడా. నడుం మీద చేతులు పెట్టుకుంది, అచ్చం అత్తగారిలాగే.

“ఏమండీ!” అంది.

అది ఎవరికీ వినపడలేదు. ఊపిరి బిగబట్టింది. మళ్ళీ తెరిచింది నోరు. అంత గొంతు ఆ మనిషిలో ఎక్కడుందో, ఎన్నేళ్ళుగా ఉందో నాకు ఇప్పటికీ తెలియదు.

“ఏమండీ! మందు వేసుకున్నారా?”

వీధి మొత్తం నిలబడిపోయింది. ఇస్త్రీ అతను పెట్టె ఎత్తి పట్టుకుని అలాగే చూస్తున్నాడు. బావ గుమ్మం వదిలి రెండడుగులు ముందుకు వచ్చాడు. జేబులోంచి బిళ్ళల అట్ట తీసి, ఒకటి నోట్లో వేసుకుని, ఖాళీ అయిన గడిని అక్కకి కనపడేలా పైకెత్తి చూపించాడు. తర్వాత గొంతు సవరించుకుని, ఏడుస్తూ నవ్వుతూ, అరిచాడు.

“వేసుకున్నానే! కొట్టలేదే!”

స్నేహితుడు సీసా చంకలో పెట్టుకుని బయటికొచ్చి “మీ ఇంట్లో అందరూ ఇంతేనేంట్రా బాబూ” అనుకుంటూ వెళ్ళిపోయాడు.

అక్క లోపలికొచ్చింది. “పక్కింటివాళ్ళు విన్నారేమోనే” అంది నాతో.

అత్తయ్య చెయ్యి చాచి కోడల్ని దగ్గరికి తీసుకుంది. చెవిలో ఏదో చెప్పింది. జీవితంలో మొదటిసారి ఆవిడ చెప్పిన రహస్యం ఇంకెవరికీ వినపడలేదు.